మందు లేని సూది

"సూదిలో మందేం ఎక్కించారండీ?" అని మా వీధిలో అడగని వాళ్లు లేరు. మా కుక్క చిట్టి నొప్పులకు ఆక్యుపంక్చర్ చేయించాం, అంటే ఒంట్లో సన్నటి సూదులు గుచ్చే చైనా వైద్యం. ఏమీ ఎక్కించలేదండీ, ఉత్త సూదే అంటే ఒక్కొక్కరు ఒక్కోలా చూశారు. ఎదురింటి పిన్నిగారైతే "మందు లేని సూదికి ఎనిమిది వందలా! మీ మావగారి కుక్క పిచ్చి నీకూ పట్టిందమ్మాయ్" అని అరుగు మీద కూర్చునే తీర్పు చెప్పేశారు. ఆవిడన్నదాంట్లో కొంత నిజం ఉంది కాబట్టి నేనేమీ మాట్లాడలేదు.

మాది రాజోలు దగ్గర పల్లెటూరు. ఇంటి వెనక కొబ్బరి తోట, ముందు పంట కాలువ. మా చిట్టికి పదకొండేళ్లు. తల్లి ల్యాబ్రడార్, తండ్రి మా ఊరి వీధికుక్కల్లో ఎవరో. పొద్దున్నే మావయ్యగారి వెంట కాలువగట్టు మీద ఒక తిరుగుడు, తిరిగొచ్చి అరుగు మెట్లు మూడూ ఒక్క దూకులో ఎక్కడం, ఆయన కాఫీ గ్లాసు పక్కన కూలబడటం. పదేళ్లుగా ఇదే దాని దినచర్య.

కిందటి కార్తీకమాసం ముసురుల్లో తేడా కనబడింది. పడుకున్నది లేవాలంటే ముందుకాళ్లతో ఒళ్లంతా లాక్కునేది. మెట్ల దగ్గర ఆగి మా మొహాలు చూసేది. వయసైపోయిందిలే అనుకున్నాం. మూలగలేదు కాబట్టి నొప్పి లేదనుకున్నాం. ఒకరోజు మా పాప దాని నడుం మీద వాలితే గుర్రుమంది. ఎప్పుడూ లేనిది పిల్ల మీద గుర్రుమందని మూతి మీద ఒక్కటి వేశాను. అది తలకాయ దించుకుని గుమ్మం అవతలికి వెళ్లిపోయింది. పాత నొప్పికి కుక్కలు పెద్దగా అరవవనీ, అడుగులు పొట్టివవుతాయనీ, ఒకేచోట నాకుతూ ఉంటాయనీ, రాత్రిళ్లు చోట్లు మారుస్తాయనీ, ముట్టుకోబోతే తప్పుకుంటాయనీ తర్వాత తెలిసింది. ఇవన్నీ రెండు నెలలుగా మా కళ్ల ముందే జరుగుతున్నాయి. ఆ దెబ్బ సంగతి మాత్రం ఇప్పటికీ గుర్తొస్తూనే ఉంటుంది.

మా ఊళ్లో పశువుల ఆసుపత్రి ఉంది. అక్కడి డాక్టరు గారికి రోజంతా గేదెలతోనే సరిపోతుంది, అయినా విసుక్కోకుండా చూశారు. దాని బరువుకు లెక్కగట్టి ఐదు రోజులకు మెలాక్సికామ్ అనే నొప్పి మందు ఇచ్చారు. మూడో రోజుకే మెట్లెక్కింది. మందైపోయాక వారంలో మళ్లీ మామూలే. "ఎక్స్‌రే తీయించండి, ఇది నా దగ్గర తేలేది కాదు" అని ఆయన చెప్పారు. చలి తగ్గాక చూద్దాంలే అని మేం తాత్సారం చేశాం.

ఈలోగా మావయ్యగారు వైద్యం చేశారు.

ఆయన మోకాళ్ల నొప్పులకు డైక్లోఫెనాక్ వాడతారు. ధనుర్మాసం చలిలో చిట్టి లేవలేక తిప్పలు పడుతుంటే చూడలేక, తన మాత్ర ఒకటి పూతరేకులో చుట్టి పెట్టారు. మర్నాడు ఇంకోటి. మూడో రోజు వాంతులు మొదలయ్యాయి, విరేచనం తారులా నల్లగా వచ్చింది. మావయ్యగారు దాచలేదు. "నా మాత్రే వేశానమ్మా, నాకు గంటలో తగ్గుద్ది కదా" అన్నారు. మనిషికి గంటలో నొప్పి తగ్గించే ఆ మాత్రే కుక్క కడుపులో పుండు చేస్తుంది, కిడ్నీలను దెబ్బ తీస్తుంది. పిల్లులకైతే మనింట్లో ఎప్పుడూ ఉండే పారాసిటమాల్ ఒక్కటి చాలు ప్రాణం పోవడానికి.

భీమవరంలో ఒక ప్రైవేటు క్లినిక్‌లో మూడు రోజులు సెలైన్ పెట్టారు. రక్తపరీక్షలో కిడ్నీల పని ఎలా ఉందో చెప్పే క్రియాటినిన్ 2.1 వచ్చింది, ఎక్కువే. ఎక్స్‌రేలో రెండు తుంటి కీళ్లూ అరిగాయి, నడుం చివర వెన్నుపూసల అంచుల్లో ఎముక ముక్కుల్లా పెరిగింది. అక్కడి డాక్టరమ్మగారు ఫిల్ము లైటుకు పెట్టి చూపించి, "నొప్పికి మామూలుగా వాడే మందులేవీ ఇప్పట్లో దీనికి ఇవ్వలేం" అన్నారు. మావయ్యగారు బయటికెళ్లి వరండాలో నిలబడ్డారు. మాటల్లోనే ఆవిడ ఇంకో సంగతి చెప్పారు. పశువులకని డైక్లోఫెనాక్ తయారు చేయడం మన దేశంలో 2006లోనే ఆపేశారట. ఆ మందు పడిన పశువు చచ్చాక దాని మాంసం తిని రాబందులు కిడ్నీలు పాడై కుప్పలుగా చచ్చిపోయాయట. నా చిన్నప్పుడు ఏటి లంకల్లో రాబందులు కనబడేవని మా నాన్న చెప్పేవారు, ఆ మాటకు ఆయన గుర్తొచ్చారు.

రాత్రికి గాబాపెంటిన్ అని నరాల నొప్పికి వాడే మందు రాసిచ్చారు. అది వేస్తే చిట్టి తూలుతూ నడిచేది, గుమ్మం దాటబోయి పడేది. మోతాదు తగ్గిస్తే నొప్పి. అప్పుడే ఆవిడ ఆక్యుపంక్చర్ మాటెత్తారు. విజయవాడ నుంచి ఒక డాక్టరు గారు నెలలో రెండు ఆదివారాలు ఆ క్లినిక్‌కే వస్తారు, మొదట్లో వరసగా చేయించాల్సిన వాటికి మధ్య ఆదివారాలు కూడా వస్తారు. "నయమవుద్దని చెప్పను. మందులు ఇవ్వలేనప్పుడు చేతిలో ఉన్న దారుల్లో ఇదొకటి" అన్నారు.

ఇంటికొచ్చి వాకబు చేస్తే దగ్గరి టౌనులో మనుషులకు ఆక్యుపంక్చర్ చేసే ఒకాయన సంగతి తెలిసింది. ఫోన్ చేస్తే, "తీసుకురండి, ఎవరికైనా ఒకటే సూత్రం" అని మూడొందలకే ఒప్పుకున్నారు. దగ్గర, పైగా చవక. మా ఆయన బయల్దేరదామన్నారు కూడా. ఎందుకైనా మంచిదని డాక్టరమ్మగారికి ఫోన్ చేశాను. వద్దన్నారు. జంతువులకు వైద్యం చేయాలంటే రిజిస్టరైన పశువైద్యులే చేయాలని 1984 నాటి చట్టం ఉందట. చట్టం సంగతి అటుంచి, కుక్క పక్కటెముకల మధ్య సూది ఎంత లోతు దిగితే ఊపిరితిత్తికి తగులుతుందో ఆయనకెలా తెలుస్తుందని అడిగారు. నేను ఫోన్ పెట్టేసి మా ఆయన వైపు చూశాను. ఆయన అప్పటికే చెప్పులు విప్పేశారు.

సంక్రాంతి వెళ్లిన ఆదివారం పక్కింటి వాళ్ల కారు మాట్లాడుకుని, చించినాడ వంతెన మీదుగా పాలకొల్లు దాటి భీమవరం వెళ్లాం. మావయ్యగారూ వచ్చారు. తప్పు చేసిన మనిషి లెక్కన వెనక సీట్లో చిట్టి తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు, వంతెన మీద గోదారి చూడమని కూడా ఎవరికీ చెప్పలేదు.

సూదుల డాక్టరు గారికి యాభై దాటి ఉంటాయి. వచ్చీ రాగానే బల్ల ఎక్కించలేదు. ముందు చిట్టిని వరండా గచ్చు మీద అటూ ఇటూ నడిపించి వెనక నుంచి, పక్క నుంచి చూశారు. వెనక పాదం వేళ్లు మడిచి నేలకు ఆనించి వదిలితే, చిట్టి ఒక్క క్షణం ఆగి సరిచేసుకుంది. అసలు సరిచేసుకోకపోతే నరాలు బాగా దెబ్బతిన్నట్టట. తర్వాత బొటనవేలితో మెడ నుంచి తోక దాకా వెన్నుకు రెండువైపులా నొక్కుకుంటూ వచ్చారు. నడుం దగ్గర చర్మం జలదరించింది, చిట్టి తల తిప్పింది. "ఇదిగోండి, ఇది చెబుతోంది" అన్నారు. ఫిట్స్ ఎప్పుడైనా వచ్చాయా, గడ్డలున్నాయా, దెబ్బ తగిలితే రక్తం ఆగడం లేదా అని అడిగారు. గడ్డ ఉన్నచోట గుచ్చరట. ఫిట్స్ ఉంటే కరెంటు పెట్టరట.

కరెంటు అనగానే మావయ్యగారు లేచి నిలబడ్డారు.

ఆయన్ని కూర్చోబెట్టి డాక్టరు గారు సూది చూపించారు. సీలు తీసిన కొత్త సూది, పావు మిల్లీమీటరు లావు. ఇంజెక్షన్ సూదిలా లోపల గొట్టం ఉండదు, దారంలా వంగుతుంది. మావయ్యగారు దాన్ని వెలుతురుకు పెట్టి చూసి, "మా కాలంలో ఎద్దుకు భుజం పట్టేస్తే కర్రు కాల్చి వాత పెట్టేవారండీ. ఇదీ అలాంటిదేనా?" అన్నారు. నాకు సిగ్గేసింది, డాక్టరు గారు నవ్వలేదు. "వాత పెడితే కొత్త మంట ముందు పాత నొప్పి కాసేపు మరుగునపడుద్దండీ. ఒళ్లు కాలుద్ది, పుండవుద్ది. ఇక్కడా నరాన్నే కదిలిస్తున్నాం, కాకపోతే కాల్చకుండా" అన్నారు. సూది దిగినచోట నుంచి నరాలు కబురు మోస్తాయి, ఆ కబురుకు వెన్నుపాములో నొప్పి వెళ్లే తోవ కొంత మూసుకుంటుంది, మెదడు ఎండార్ఫిన్లు వదులుతుంది. ఎండార్ఫిన్లను పనిచేయనివ్వని నాలొక్సోన్ అనే మందు ఇచ్చి చూస్తే సూది ప్రభావం తగ్గిపోయిందని 1970ల్లోనే ప్రయోగాల్లో తేలిందట.

ఆయన మీద నాకు నమ్మకం కుదిరింది ఆ తర్వాత చెప్పిన మాటకు. కుక్కల కీళ్ల అరుగుదల మీద జరిగిన పరీక్షలు చిన్నవి, ఒకదానితో ఒకటి పొసగవు అన్నారు. డిస్కు జారిన కుక్కల్లో మందులతో కలిపి చేస్తే ఫలితాలు కాస్త మెరుగ్గా ఉన్నాయట. మనుషుల్లోనైతే ఉత్తుత్తి సూదికీ అసలు సూదికీ తేడా చాలాసార్లు కొంచెమేనట. "కుక్కకేం తెలుసు, దానికి నమ్మకాలుండవు కదండీ?" అన్నాను. "దానికి ఉండవు. తగ్గిందా లేదా అని చెప్పేది మీరు కదా, మీకుంటాయి" అన్నారు. అందుకని ఒక పని పెట్టారు. ప్రతి ఆదివారం పొద్దున ఒకే చోట, ఒకే దూరం నడిపించి ఫోన్‌లో వీడియో తీయాలి. రోజూ ఒక నోటుబుక్కులో మూడే మూడు విషయాలు రాయాలి: మెట్లు ఎన్ని ఎక్కింది, రాత్రి ఎన్నిసార్లు చోటు మార్చింది, కాలువగట్టు మీద ఎంతదాకా నడిచింది. బాగుంది, బాగాలేదు అని రాయొద్దన్నారు.

కింద దుప్పటి పరిచి చిట్టిని పడుకోబెట్టారు. మొదటి సూది నడి నెత్తిన, రెండోది నడుం వెన్నుపూసలు అయిపోయి, తోక ఎముకకు ముందుండే త్రికాస్థి మొదలయ్యే పల్లంలో. ఆ చోటుకు చైనా పేరు బై హుయి, అంటే నూరు కలిసే చోటు. తర్వాత వెన్నుకు ఇరువైపులా, తుంటి చుట్టూ. మోకాలి కింద బయటివైపు ఒకటి పెడుతూ, దీని పేరుకు కాలికి మూడు లీలు అని అర్థం అని చెప్పారు. నడిచి నడిచి అలసిన వాడికి ఇక్కడ గుచ్చితే ఇంకో మూడు లీలు నడుస్తాడని అక్కడ నానుడట. లీ అంటే దాదాపు అర కిలోమీటరు. "కిలోమీటరున్నర అన్నమాట. లాకుల దాకా వెళ్లొస్తుంది" అన్నారు మావయ్యగారు. ఆ పొద్దుటి నుంచి ఆయన నోట వచ్చిన మొదటి సరదా మాట అదే.

మూడో సూదికి చిట్టి తిరిగి చూసింది. ఐదోదానికి కాలు లాక్కుంది. ఆ తర్వాత ఏమైందో ఏమో, పెద్ద ఆవలింత తీసి, నాలుక కొస బయట పెట్టి నిద్రపోయింది. నడుం మీద సూదులతో, నిలబెట్టిన అగరొత్తుల పళ్లెంలా ఉంది. నాకు నవ్వూ వచ్చింది, కళ్లల్లో నీళ్లూ వచ్చాయి. కరెంటు ఆ రోజు పెట్టలేదు, రెండో వారం పెట్టారు. సూదులకు చిన్న క్లిప్పులు తగిలించి, చేతిలో పట్టేంత మిషన్ తిప్పితే చర్మం కింద కండ సన్నగా అదిరింది. చిట్టికంటే మావయ్యగారే ఎక్కువ అదిరారు.

ఇరవై నిమిషాలయ్యాక సూదులు తీశారు. అప్పుడు మావయ్యగారు, "పన్నెండు గుచ్చారండీ. పదకొండే తీశారు" అన్నారు. ఆయన లెక్కపెడుతున్నారని మాకెవరికీ తెలీదు. డాక్టరు గారు కూడా లెక్క చూసుకుంటున్నారు, ఆయనదీ పదకొండే. నిద్రలో ఒళ్లు దులుపుకున్నప్పుడు ఒకటి ఎగిరిపోయినట్టుంది. నలుగురం మోకాళ్ల మీద కూర్చుని ఫోన్ టార్చిలేసి దుప్పటంతా, బొచ్చంతా వెతికితే తోక కింద దొరికింది. వీధి గుమ్మం దాకా వచ్చి సాగనంపుతూ డాక్టరు గారు మావయ్యగారితో, "వచ్చే వారం కూడా మీరే లెక్కపెట్టండి" అన్నారు. తిరుగు ప్రయాణంలో మావయ్యగారు వంతెన దగ్గర కారాపించి చిట్టికి గోదారి చూపించారు.

ఆ రోజంతా చిట్టి పడుకునే ఉంది. మర్నాడు ఇంకా కొయ్యబారినట్టు నడిచింది. ఒక్కోసారి ఇలా అవుతుందని ముందే చెప్పారు కాబట్టి సరిపోయింది, లేకపోతే నేను రెండోసారి వెళ్లేదాన్ని కాదు. రెండో వారం తర్వాతా పెద్ద తేడా లేదు. కారుకు పన్నెండొందలు, సూదులకు ఎనిమిదొందలు. మా ఆయన నోరు తెరిచి ఏమీ అనలేదు, డబ్బులిచ్చేటప్పుడు మాత్రం రెండుసార్లు లెక్కపెట్టారు.

మూడోసారి వెళ్లొచ్చిన మంగళవారం, పిలవకుండా రెండు మెట్లెక్కింది. గురువారానికి మళ్లీ కిందే ఆగింది. నాలుగోదాని తర్వాత ఆ సుఖం నాలుగు రోజులుంది. ఐదోదాని తర్వాత వారమంతా ఉంది. అప్పటి నుంచి పదిహేను రోజులకోసారి చేశారు, ఇప్పుడు నెలకోసారి. రాత్రి చోట్లు మార్చడం ఏడెనిమిది సార్ల నుంచి రెండు మూడుకు తగ్గింది. గాబాపెంటిన్ సగానికి తెచ్చారు, తూలడం పోయింది.

ఇది సూదుల చలవేనని ప్రమాణం చేయమంటే చేయలేను. ఎందుకంటే డాక్టరు గారు సూదులతో పాటు ఇల్లు కూడా మార్పించారు. 34 కిలోలుంది, నాలుగు కిలోలు తగ్గించకపోతే నా సూది దండగ అన్నారు. పెరుగన్నం కొలిచి పెట్టడం మొదలుపెట్టాం, పూతరేకులు బంద్. మావయ్యగారికి దానికంటే పెద్ద శిక్ష లేదు. మార్చి నెలాఖరుకు 30కి వచ్చింది. తర్వాత నేల. రెండేళ్ల కిందట మోజుపడి వేయించుకున్న టైల్స్ మీద దాని వెనక కాళ్లు జారుతున్నాయని మాకు తట్టనేలేదు. మావయ్యగారు ముంగండ వెళ్లి కొబ్బరిపీచు పట్టాలు కొనుక్కొచ్చి, హాల్లోంచి వంటింటి దాకా బాట వేశారు. చుట్టాలొచ్చినప్పుడు తీసేద్దామని నేనంటాను, ఆయన తీయనివ్వరు. మూడోది కాలువ. ఛాతీ లోతు నీళ్లలో నడిపిస్తే కీళ్ల మీద ఎక్కువ బరువు పడకుండా కండ పెరుగుతుందన్నారు. పెద్ద ఊళ్లలో ఎక్కడో దీనికి ప్రత్యేకంగా నీళ్ల తొట్లు కడతారట. మాకు గోదారి నీళ్లు గుమ్మం ముందే పారుతున్నాయి. ఫిబ్రవరి, మార్చి రెండు నెలలూ మా ఆయన పంచె ఎగ్గట్టి, చిట్టి పొట్ట కింద తువాలు వేసి పట్టుకుని రేవులో నడిపించారు.

ఏప్రిల్లో కాలువలు కట్టేశారు. నీళ్లు లేవు. రెండు వారాలకు నడక మళ్లీ కాస్త పొట్టిదైంది, వీడియోలు పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తోంది. సూదులు అలాగే సాగుతున్నా తగ్గింది. అంటే మేలు చేసింది కాలువేనా? మే నెలలో డాక్టరు గారు రాలేక ఒక విడత సూదులు తప్పాయి. ఆ పది రోజులూ రాత్రి చోట్లు మార్చడం ఐదారుకు పెరిగింది. అంటే సూదులేనా? ఇదే అడిగితే ఆయన, "రెండూ ఆపి చూద్దామా?" అన్నారు. వద్దన్నాను.

రక్తపరీక్ష మళ్లీ చేయించాం. క్రియాటినిన్ 1.6కు దిగింది. నొప్పి మందు జోలికి ఇంకా వెళ్లొద్దన్నారు, అవసరం పడితే తక్కువ మోతాదులో ఆలోచిద్దామన్నారు. తుంటి ఎముక మాత్రం ఎక్స్‌రేలో ఎలా ఉందో అలాగే ఉంది. సూది ఎముకను పెంచదని సూదుల డాక్టరు గారు మొదటి రోజే చెప్పారు.

జూన్‌లో కాలువలకు నీళ్లొదిలారు. ముసుర్లు మళ్లీ మొదలయ్యాయి. నేను మెట్ల పక్కన కొబ్బరి చెక్కతో వాలుగా ఒక బల్ల చేయించాను. చిట్టి దాని మీద పడుకుంటుంది, ఎక్కడానికి మాత్రం మెట్లే కావాలి.

నోటుబుక్కు ఇద్దరం రాస్తాం, ఎడమవైపు మావయ్యగారు, కుడివైపు నేను. డాక్టరు గారు ఎన్నిసార్లు చెప్పినా మావయ్యగారు "హుషారు", "మహా హుషారు" అనే రాస్తారు. ఈ పొద్దున ఆయన వైపు "మూడు మెట్లు ఎక్కింది" అని అంకెతో సహా ఉంది. నేను కిటికీలోంచి చూశాను. రెండెక్కి ఆగింది. మూడో మెట్టుకు తువాలు వేసి ఎత్తిందెవరో ఆయన రాయలేదు. నా వైపు నేను రెండు అని వేశాను.